పైపుతో ఇంటికొచ్చాక: ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాతి రోజులు

(ఒడిశాలోని రాయగడలో తెలుగు కుటుంబాల ముందు చేసిన ప్రసంగం. చివర సభలోంచి వచ్చిన రెండు ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? సరే.

మన వైపు ప్రోస్టేట్, అంటే మగవాళ్ళకి మూత్రాశయం కింద ఉండే గ్రంథి, దాని ఆపరేషన్ అంటే ఎక్కువమంది రైలెక్కి విశాఖపట్నం పోతారు. గుణుపురం, పర్లాకిమిడి వాళ్ళు కొందరు బరంపురం పోతారు. ఆపరేషన్ చేసిన డాక్టరు అక్కడ, మూత్రం పోయే పైపు పెట్టుకొని తిరిగొచ్చిన మనిషి ఇక్కడ. మధ్యలో గంటల ప్రయాణం. రాత్రి పదింటికి పైపులో ఏదో తేడా వచ్చిందనుకోండి. అది ఇంట్లోనే సరిచేసుకునేదా, ఇక్కడి ఆసుపత్రికి వెంటనే పోవలసినదా, ఆపరేషన్ చేసిన డాక్టరుని అడక్కుండా ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వకూడనిదా? ఈ మూడూ వేరుచేసి చూడటం ఇంట్లోవాళ్ళకి వస్తే సగం భయం పోతుంది. ఇవాళ చెప్పేదంతా దానికోసమే.

అసలు పైపుతో ఇంటికి ఎవరు వస్తారు? మూత్రనాళంలోంచి కెమెరా పెట్టి గ్రంథిని గీకి తీసే ఆపరేషన్‌కి, అంటే టి.యు.ఆర్.పి.కి, మామూలుగా ఒకటి నుంచి మూడు రోజుల్లో ఆసుపత్రిలోనే పైపు తీసేస్తారు. తీశాక మూత్రం రాకపోయినా, మూత్రాశయం చాలాకాలంగా సాగిపోయి బలహీనపడినా మళ్ళీ వేసి ఇంటికి పంపుతారు. పొట్ట కోసి చేసిన ఆపరేషన్ అయితే వారం దాకా ఉంటుంది. క్యాన్సర్‌కని గ్రంథి మొత్తం తీసేసినవాళ్ళకి ఒకటి రెండు వారాలు ఉంచుతారు. ఈ చివరివాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి మూత్రాశయాన్ని కిందికి లాగి మూత్రనాళానికి కుట్టి ఉంటారు. ఆ కుట్టు మానేదాకా పైపు దాని లోపల ఆసరాగా ఉండాలి. కాబట్టి ఏ ఆపరేషన్ జరిగిందో ఇంట్లో కనీసం ఇద్దరికి పేరుతో సహా తెలిసి ఉండాలి.

పైపు ఎలా ఉంటుందో చూద్దాం. దీన్ని ఫోలే క్యాథెటర్ అంటారు. లోపల రెండు దారులు. వెడల్పు దారిలో మూత్రం దిగుతుంది. సన్నదారి పైకొన దగ్గరున్న చిన్న బెలూన్‌లోకి పోతుంది. పైపు మూత్రాశయంలోకి చేరాక సన్నదారిలోంచి సిరంజితో స్టెరైల్ వాటర్, అంటే సూక్ష్మజీవులు లేని నీళ్ళు ఎక్కిస్తారు. బెలూన్ ఉబ్బి పైపు జారకుండా ఆపుతుంది. సెలైన్, అంటే ఉప్పునీరు ఎక్కించరు. ఉప్పు గడ్డకట్టి సన్నదారి మూసుకుపోతే తీసేరోజున బెలూన్ ఖాళీ అవ్వదు. బయట రెండు కాళ్ళలా చీలి ఉంటుంది కదా, అందులో రంగు మూత ఉన్నది బెలూన్‌ది. ఆ రంగు పైపు సైజు చెబుతుంది: 16కి నారింజ, 18కి ఎరుపు, 20కి పసుపు, 22కి ఊదా. ఆ అంకెని మూడుతో భాగిస్తే పైపు మందం మిల్లీమీటర్లలో వస్తుంది. 18 నంబరు అంటే 6 మిల్లీమీటర్లు. మూడు కాళ్ళున్న పైపు వేస్తే మూడోది ఆపరేషన్ తర్వాత సెలైన్‌తో కడగడానికి. ఇంటికొచ్చాక దానికి బిరడా పెట్టి ఉంటుంది. ఆ బిరడా ఊడదీసి చూడొద్దు.

మామూలు పైపు బెలూన్‌లో 10 మిల్లీలీటర్లు ఉంటాయి. ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత 30 దాకా, ఒక్కోసారి 50 దాకా నింపుతారు. ఇది కాగితం మీద లేకపోతే ఏమవుతుందో ఆలోచించండి. ఇక్కడ ఎవరో 10 మిల్లీలీటర్లు లాగి, ఖాళీ అయిందనుకొని పైపు గుంజితే, ఇంకా 20 మిల్లీలీటర్ల బెలూన్ మూత్రనాళాన్ని చీల్చుకుంటూ వస్తుంది. అందుకే డిశ్చార్జి అయ్యేటప్పుడు బిల్లు కట్టే హడావిడిలో పడకుండా ఒక కాగితం రాయించుకోండి. ఆపరేషన్ పేరు, తేదీ. పైపు సైజు, రబ్బరుదా సిలికాన్‌దా. బెలూన్‌లో ఎన్ని మిల్లీలీటర్లు. వెయ్యడం కష్టమైందా. ఎప్పుడు, ఎవరు తియ్యాలి. రక్తం పలచబరిచే మాత్రలు, అంటే యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి ఎప్పుడు మళ్ళీ మొదలెట్టాలి. రాత్రిపూట ఎత్తే ఫోను నంబరు. అంతే. దాన్ని ఫోటో తీసి అబ్బాయి ఫోన్‌లో, కోడలి ఫోన్‌లో కూడా పెట్టండి. ఇక్కడి ఆసుపత్రిలో నర్సమ్మకి తెలుగు రాకపోతే ఒడియాలో ‘పరిస్రా బంద్ హోయిజాయిఛి’ అంటే చాలు, మూత్రం ఆగిపోయిందని అర్థమవుతుంది. మిగతాది కాగితం చెబుతుంది.

ఇక రోజూ చేసుకునే పని. బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే ఉండాలి. పైన పెడితే బ్యాగులో నిలవున్న మూత్రం వెనక్కి పోతుంది, దాంతోపాటు సూక్ష్మజీవులూ పోతాయి. బ్యాగుల్లో వెనక్కి పోకుండా ఒక పొర ఉంటుంది గాని దాని మీద భరోసా పెట్టుకోవద్దు. మంచం పక్కపట్టీకి కొక్కెంతో వేలాడదీయండి. దోమతెర కర్రకి కట్టేవాళ్ళున్నారు, అది తప్పు. చాప మీద పడుకునే అలవాటున్నవాళ్ళు ఈ రోజులు మంచమెక్కాలి. నేలమీద పడుకుంటే బ్యాగుకి కిందంటూ ఉండదు. అలాగని బ్యాగు నేలకి తగలకూడదు. మంచం మరీ పొట్టిదైతే శుభ్రమైన ఖాళీ బకెట్‌లో పెట్టండి.

బస్సులో, ఆటోలో బ్యాగుని గుడ్డసంచిలో పెట్టి ఒళ్ళో పట్టుకుంటారు. నలుగురూ చూస్తారని సిగ్గు. సంచిలో పెట్టుకోండి, తప్పులేదు. సంచి మాత్రం కాళ్ళ దగ్గర ఉండాలి. రైల్లో కింది బెర్తు తీసుకొని బెర్తు అంచు నుంచి వేలాడదీయండి. ఎక్కే ముందు ఖాళీ చెయ్యండి.

పైపుని తొడ పైభాగంలోగానీ పొత్తికడుపు మీదగానీ ప్లాస్టరుతోనో పట్టీతోనో అంటించి ఉంచాలి. అంగానికీ ప్లాస్టరుకీ మధ్య కాస్త వదులు ఉంచండి, కాలు చాచినప్పుడు లాగకూడదు. బ్యాగు నిండి బరువెక్కినప్పుడు ఆ బరువు లోపలి బెలూన్ మీద పడితే నొప్పీ రక్తమూ రెండూ వస్తాయి. రోజు విడిచి రోజు ప్లాస్టరు చోటు మార్చండి. లుంగీ కట్టుకోవడం అన్నిటికన్నా సుఖం. ముడి పైపు మీద పడకుండా చూసుకోండి. బాసింపట్టు వేసుకొని కూర్చోవద్దు. పైపు తొడ కింద నలుగుతుంది, ఆపరేషన్ చోట ఒత్తిడీ పడుతుంది. భోజనం కుర్చీలో కూర్చొని చెయ్యండి.

బ్యాగులో 2 లీటర్లు పడతాయని నిండేదాకా ఆగకండి. సగం దాటాక, ఎంత తక్కువున్నా నాలుగైదు గంటలకోసారి ఖాళీ చెయ్యండి. ముందు సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగాలి. దీనికోసమే వేరుగా పెట్టుకున్న మగ్గు కింద పెట్టి అడుగు కుళాయి తెరవండి. కుళాయి మూతి మగ్గుకి తగలకూడదు. కుళాయి మూసి, మూతిని స్పిరిట్ దూదితో తుడిచి, మళ్ళీ చేతులు కడుక్కోండి. ఎంత వచ్చిందో, రంగేమిటో క్యాలెండరు మీద రాయండి. ఈ పని ఆయనే చేసుకోగలరు. రెండో రోజునుంచి కోడలి నెత్తిన పెట్టనక్కరలేదు.

పైపునీ బ్యాగునీ కలిపిన చోటు మాటిమాటికీ విప్పకూడదు. విప్పిన ప్రతిసారీ గాలితో పాటు సూక్ష్మజీవులకి దారి ఇచ్చినట్టే. వారానికోసారి, లేదా బ్యాగు కారుతున్నా, మురికిపట్టినా మార్చండి. కొత్త బ్యాగు అడుగు కుళాయి మూసి ఉందో లేదో ముందు చూడండి. ఇది మరిచిపోయి మంచమంతా తడుపుకునేవాళ్ళు చాలామంది. తర్వాత పైపుని వేళ్ళతో మడిచి పట్టుకొని పాతది లాగి, పైపు మూతి స్పిరిట్‌తో తుడిచి, కొత్త బ్యాగు కొనకి చెయ్యి తగలకుండా బిగించండి. వేళ్ళు వదలండి, మూత్రం దిగడం కళ్ళతో చూశాకే లేవండి. కాలికి కట్టుకునే చిన్న బ్యాగు, 500 నుంచి 750 మిల్లీలీటర్లది, చిన్న ఊళ్ళలో మందులషాపుల్లో దొరక్కపోవచ్చు. డిశ్చార్జి రోజునే అక్కడ కొనుక్కోండి. రాత్రికి దాన్ని విప్పకుండా, దాని అడుగు కుళాయికే పెద్ద బ్యాగు తగిలించి కుళాయి తెరిచి పెడితే సరిపోతుంది.

స్నానం రోజూ చెయ్యొచ్చు, కుట్లు ఉంటే డాక్టరు చెప్పినప్పటినుంచి. మగ్గుతో పోసుకోండి. చెరువులోగానీ నాగావళిలోగానీ దిగొద్దు, పైపు ఉన్నన్నాళ్ళూ. రోజుకి రెండుసార్లు అంగం కొనని మామూలు సబ్బుతో కడగాలి. ముందు తోలు వెనక్కి లాగి, కడిగి, తుడిచి, మళ్ళీ ముందుకి తేవాలి. ముందుకి తేవడం మరిచిపోతే అక్కడ వాచి, తోలు బిగుసుకుపోయి, మళ్ళీ ఆసుపత్రికి పోవలసివస్తుంది. పైపుని ఒంటి దగ్గర్నుంచి బయటికి తుడవాలి, బయటినుంచి ఒంటివైపు కాదు. డెట్టాలు, సావ్లాను, పౌడరు వద్దు. కొబ్బరినూనె, ఆముదం, వాజిలిన్ అసలే వద్దు. నూనె తగిలితే రబ్బరు పైపు మెత్తబడి పాడవుతుంది. కొన దగ్గర మంటగా ఉంటే నీటితో చేసిన లిగ్నోకెయిన్ జెల్లీ డాక్టరునడిగి రాసుకోండి.

నీళ్ళు రోజుకి 2 నుంచి రెండున్నర లీటర్లు, అంటే పెద్ద స్టీలు గ్లాసుతో పది. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు డాక్టరు చెప్పిన లెక్కే పాటించాలి. మజ్జిగ, చోడంబలి, గంజి కూడా లెక్కలోకొస్తాయి. మాటిమాటికీ టీ తాగితే మూత్రాశయం చిరాకుపడుతుంది, తగ్గించండి. పైపులో మూత్రం వస్తోంది కదా, బ్యాగు మాటిమాటికీ ఖాళీ చెయ్యాలి కదా అని నీళ్ళు మానేసేవాళ్ళున్నారు. చిక్కటి మూత్రంలో మడ్డి చేరి పైపు మూసుకుపోయేది వీళ్ళకే.

నీళ్ళతో పాటు విరేచనం. నన్నడిగితే అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇదే, ఎవరూ పట్టించుకోనిదీ ఇదే. ముక్కితే గ్రంథి తీసిన పుండులో రక్తం వస్తుంది. నిండిన పెద్దపేగు మూత్రాశయాన్ని నొక్కితే పైపు పక్కనుంచి కారుతుంది. రోజూ తోటకూర, బొప్పాయి, అరటిపండు తినండి. అయినా రెండు రోజులు కాకపోతే ఇసబ్‌గోల్‌గానీ లాక్టులోజ్ సిరప్‌గానీ అడిగి మొదలెట్టండి. ఆసుపత్రిలో చెప్పనిదే ఎనిమా వద్దు. కింద కూర్చునే దొడ్డి ఇబ్బందే. బ్యాగు నేలకి తగులుతుంది, ముక్కడమూ ఎక్కువవుతుంది. మధ్యలో కన్నమున్న కుర్చీ ఒకటి దొడ్డి మీద వేసుకుంటే ఈ రెండూ తప్పుతాయి. వెళ్ళే ముందు బ్యాగు ఖాళీ చేసుకొని కుర్చీ కాలికి తగిలించండి. విరేచనమప్పుడు పైపు పక్కన నాలుగు చుక్కల రక్తం కనబడితే గాభరాపడొద్దు.

ఇప్పుడు తేడాలొచ్చినప్పటి మాట. పైపు ఉన్నా ఒంటేలు తన్నుకొస్తున్నట్టు ఉండటం, పొత్తికడుపు ఒక్కసారి పట్టేసి వదలడం, పైపు పక్కనుంచి తడవటం. చాలామంది దీన్నే పైపు పాడైందనుకుంటారు. మూత్రాశయం లోపలున్న బెలూన్‌ని బయటికి తోసెయ్యాలని బిగుసుకుంటుంది, అదీ సంగతి. అప్పుడు ముక్కకూడదు. ఊపిరి నిదానంగా వదులుతూ ఒంటిని వదులు చేసుకుంటే తగ్గుతుంది. మరీ బాధగా ఉంటే సోలిఫెనసిన్, ఆక్సీబ్యుటినిన్ లాంటి మాత్రలు రాస్తారు. వాటితో నోరు ఎండుతుంది, మలబద్ధకం వస్తుంది. నీటికాసుల జబ్బు, అంటే గ్లకోమా ఉంటే ముందే చెప్పండి. పైపు తీసే ముందు వాటిని ఆపాలి, లేకపోతే తీశాక మూత్రం రాకపోవచ్చు.

పక్కనుంచి కారినప్పుడు చూడవలసింది ఒకటే: బ్యాగులోకి కూడా వస్తోందా? వస్తుంటే అది మూత్రాశయం పట్టేయడం, వెంటనే పరుగెత్తనక్కరలేదు. బ్యాగులోకి రావడం ఆగి పక్కనుంచి మాత్రమే కారుతుంటే పైపు మూసుకుపోయింది.

బ్యాగు నిండకపోతే వరసగా చూడండి. పైపు ఒంటి దగ్గర్నుంచి బ్యాగుదాకా ఎక్కడైనా మడతపడిందా, తొడ కింద నలిగిందా? బ్యాగు కిందే ఉందా? లేచి నాలుగడుగులు నడవండి, అటూ ఇటూ ఒత్తిగిలండి. బ్యాగు తాలూకు గొట్టంలో గడ్డ కనబడుతుంటే ఆ గొట్టాన్ని వేళ్ళతో నొక్కుతూ కిందికి దించండి. బ్యాగు మార్చి చూడండి. ఒక్కసారి బుస్సుమని వచ్చిందంటే తప్పు బ్యాగుదే. ఇవన్నీ పది నిమిషాల పని. పొత్తికడుపు గట్టిగా ఉబ్బి నొప్పి ఉంటే ఇక ఆగొద్దు. నొప్పి లేకపోతే రెండు గ్లాసుల నీళ్ళు తాగి చూడండి, రెండు గంటల్లో చుక్క రాకపోతే ఆసుపత్రి. సి.హెచ్.సి., అంటే సామాజిక ఆరోగ్య కేంద్రంగానీ జిల్లా ఆసుపత్రిగానీ. 108కి ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది, సరిహద్దుకి ఇటైనా అటైనా అదే నంబరు. అక్కడ లావుపాటి సిరంజితో స్టెరైల్ సెలైన్ పెట్టి గడ్డలు లాగుతారు. అది ఇంట్లో చేసే పని కాదు. ఊళ్ళో సూదులు వేసే డాక్టరు చేసేదీ కాదు.

పైపు జారి బయటికి వచ్చేసిందనుకోండి. టి.యు.ఆర్.పి. అయినవాళ్ళకైతే ఇక్కడి ఆసుపత్రికి వెళ్ళండి, మూత్రం దానంతట అదే వస్తుందేమో చూసి, రాకపోతే మళ్ళీ వేస్తారు. క్యాన్సర్‌కని గ్రంథి మొత్తం తీసినవాళ్ళకి మాత్రం ఆపరేషన్ చేసిన డాక్టరుతో మాట్లాడేదాకా ఎవరూ పైపు దూర్చకూడదు. కనబడకుండా దూర్చిన పైపు ఆ పచ్చికుట్టుని తెంపి పక్కకి పోవచ్చు. ఫోను చేసి, ఆ డాక్టరునీ ఇక్కడి డాక్టరునీ మాట్లాడించండి. పైపు మార్చడం, గట్టిగా కడగడం కూడా వీళ్ళకి అంతే. ఇక పైపు కత్తిరిస్తే బెలూన్ దానంతటదే దిగుతుందని చెప్పేవాళ్ళ మాట వినకండి. కత్తిరించినా దిగకపోతే పట్టుకోవడానికి బయట మిగిలేది కూడా ఉండదు.

రక్తం గురించి. లేత గులాబీ రంగు వారాల తరబడి వచ్చిపోతుంటుంది, నీళ్ళు తాగితే పలచబడుతుంది. గాజు గ్లాసులో పట్టి వెనక పేపరు పెట్టండి. అక్షరాలు కనబడితే ఇంట్లో ఉండొచ్చు. కనబడనంత చిక్కగా ఉన్నా, గడ్డలు పడుతున్నా, నీళ్ళు తాగినా రంగు తగ్గకపోయినా ఆసుపత్రికి వెళ్ళాలి. టి.యు.ఆర్.పి. అయ్యాక 10 నుంచి 14 రోజులప్పుడు లోపలి పుండు మీద చెక్కు ఊడుతుంది. అంతా బాగుందనుకున్నవాళ్ళకి ఒక్కసారిగా ఎర్రగా వచ్చేది అప్పుడే. ఆ రోజుల్లో ఘాట్‌రోడ్డు ప్రయాణాలు, ధాన్యం బస్తాలు, బిందెలు పెట్టుకోవద్దు. 4, 5 కిలోలు దాటిన బరువు నాలుగు నుంచి ఆరు వారాలు ఎత్తకూడదు.

జ్వరం. ఇది మన జిల్లాలకి ప్రత్యేకంగా చెప్పాలి. చలీ వణుకూ వచ్చిందంటే మలేరియా అనుకోవడం ఇక్కడ అలవాటు. ఆశా దీదీ రక్తచుక్కతో పరీక్ష చేస్తుంది, చేయించుకోండి. కానీ పైపున్న మనిషికి 100.4 డిగ్రీలు దాటి వణుకు వస్తే మూత్రంలోని సూక్ష్మజీవులు రక్తంలోకి పోయి ఉండొచ్చు, అది గంటల్లో ముదురుతుంది. మలేరియా పరీక్ష నెగెటివ్ వచ్చినా పాజిటివ్ వచ్చినా అదే పూట ఆసుపత్రికి పోవలసిందే. మాటలు తడబడుతుంటే, మగతగా ఉంటే ఇంకా తొందర.

అదే జ్వరం లేకుండా మూత్రం కాస్త మబ్బుగా ఉంటేనో, వాసనొస్తేనో యాంటీబయాటిక్ కొని మింగకండి. పైపు ఉన్న ప్రతి రోజుకీ నూటికి మూడు నుంచి ఏడుగురి మూత్రంలో కొత్తగా సూక్ష్మజీవులు చేరతాయి. నెల తిరిగేసరికి దాదాపు అందరికీ ఉంటాయి. ఉండటం వేరు, జబ్బు చెయ్యడం వేరు. అవసరం లేకుండా మందు వేస్తే నిజంగా కావలసినప్పుడు పనిచెయ్యదు. ల్యాబుకి మూత్రం ఇవ్వమంటే బ్యాగులోంచి పట్టి ఇవ్వొద్దు, నిలవున్న మూత్రంలో ఏదైనా పెరుగుతుంది. పైపులోంచి ఎలా తియ్యాలో నర్సుకి తెలుసు.

పైపు తీయించుకునే రోజు పొద్దున్నే చేరుకోండి. బెలూన్ ఖాళీ చేసి తీస్తారు, పది క్షణాల మంట, అంతే. తర్వాత నీళ్ళు తాగుతూ ఉండాలి, మూత్రం పోసిన ప్రతిసారీ కొలుస్తారు. లోపల ఎంత మిగిలిందో స్కాన్‌లో చూస్తారు. రెండుమూడుసార్లు బాగా వచ్చిందని మధ్యాహ్నం బండెక్కెయ్యకండి. సాయంత్రానికి ఆగిపోయేవాళ్ళుంటారు, అప్పుడు రైల్లో ఉంటే నరకమే. వీలుంటే ఆ రాత్రి ఆ ఊళ్ళోనే ఉండండి. తీశాక కొన్నాళ్ళు మంట, మూత్రానికి తొందర, దగ్గితే చుక్కలు పడటం ఉంటాయి. కటి కండరాల వ్యాయామం పైపు తీశాకే మొదలెట్టాలి, ఉండగా చెయ్యకూడదు. గ్యాస్ ఆపుకునేటప్పుడు బిగించే కండరాన్ని 5 సెకన్లు బిగించి వదలాలి. పదిసార్లు చొప్పున రోజుకి మూడు పూటలు. పొట్ట, పిరుదులు బిగించకూడదు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: బ్యాగు కడిగి మళ్ళీ వాడుకోవచ్చా?)

వద్దండీ. ఒకటి రెండు వారాల పైపుకి ఒకటో రెండో బ్యాగులు ఖర్చవుతాయి, అక్కడ మిగుల్చుకోవద్దు. వాడినదాన్ని దొడ్లో ఖాళీ చేసి, పేపర్లో చుట్టి, కవరులో పెట్టి చెత్తబండికి ఇవ్వండి. పెరట్లో కాల్చొద్దు, అది ప్లాస్టిక్, పొగ మంచిది కాదు.

(సభలోంచి: పైపు తీశాక మోటారుసైకిలు ఎప్పుడు నడపొచ్చు?)

నాలుగు నుంచి ఆరు వారాలు ఆగండి. సైకిలూ అంతే. సీటు సరిగ్గా పుండు ఉన్న చోటే నొక్కుతుంది. మొదటిసారి ఎక్కాక మూత్రం ఎర్రబడితే ఇంకో వారం ఆపి, నీళ్ళు ఎక్కువ తాగండి. గడ్డలు పడితే డాక్టరుకి చూపించండి.